హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకు ఎంత వచ్చో ఎలా తెలుసుకోవాలి? పరీక్షలు పెట్టిన అనుభవంతో నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో కొత్తగా చేరారు. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా మొదటి ఏడాదిలో నలభై మంది పిల్లలున్నారు. వంట, రెస్టారెంట్ నిర్వహణ రెండు పాఠాలూ మీరే చెప్తున్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన యాభై ప్రశ్నల ఆబ్జెక్టివ్ పేపర్ పెడితే దాదాపు అందరికీ మంచి మార్కులొచ్చాయి. ల్యాబ్‌లోకి వెళ్తే మాత్రం సగం మందికి పప్పు కూడా కుదరడం లేదు. వాళ్లకు నిజంగా ఏం వచ్చో ఎలా తెలుసుకోవాలి, పది పొయ్యిలతో నలభై మందికి ప్రాక్టికల్ ఎలా పెట్టాలి, మార్కులు ఎలా వేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. వందలో రాత పరీక్షకు 30 మార్కులు మించొద్దు. 50 మార్కులు చేతిపనికి, 20 మార్కులు రెస్టారెంట్ లెక్కలకు, నిర్ణయాలకు ఇవ్వండి. చేతిపనిలో కూడా రుచికి పది మార్కులు చాలు, మిగతావన్నీ పనిచేసిన తీరుకే వేయండి. ఆ యాభై ప్రశ్నల పేపర్ పక్కన పెట్టండి. ఏ ప్రశ్న రాసినా ఒకటి సరిచూసుకోండి: వంటగదిలో ఒక్క రోజు కూడా నిలబడని మనిషి పుస్తకం చదివి దానికి జవాబు రాయగలిగితే, ఆ ప్రశ్న మన పిల్లల గురించి మనకు చెప్పేది చాలా తక్కువ.

నేను పదకొండేళ్లు హైదరాబాద్ హోటళ్ల కిచెన్‌లలో పనిచేసి, పద్నాలుగేళ్లుగా వరంగల్‌లో పాఠాలు చెప్తున్నాను. కరీంనగర్, నిజామాబాద్ వైపు కాలేజీలకు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌గా కూడా వెళ్తుంటాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చింది. కొన్ని పద్ధతులు నేను తప్పులు చేశాకే నేర్చుకున్నాను.

ముందు ఒక పిల్లవాడి సంగతి. చాలా ఏళ్ల క్రితం మా బ్యాచ్‌లో ఒకడికి ఫుడ్ సేఫ్టీ రాత పరీక్షలో 50కి 46 వచ్చాయి. ప్రమాదకరమైన ఉష్ణోగ్రత 5 నుంచి 60 డిగ్రీల మధ్య అని పొల్లు పోకుండా రాశాడు. మర్నాడు ల్యాబ్‌లో పొయ్యి మీద నుంచి దించిన పది లీటర్ల చికెన్ గ్రేవీని అదే గంజుతో, మూత పెట్టి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు. ఎందుకలా చేశావని అడిగితే, "చల్లగా ఉంచాలి కదా సార్" అన్నాడు. వాడు చదివాడు, గుర్తుపెట్టుకున్నాడు, తనకు తెలిసినంతలో సరైన పనే చేశాననుకున్నాడు. మూత పెట్టిన లోతైన గంజులో గ్రేవీ నడిమధ్యన గంటల తరబడి వేడిగానే ఉంటుందని, ఆ వేడికి ఫ్రిజ్‌లోని పాలు, పచ్చి మాంసం కూడా వెచ్చబడతాయని వాడికి తట్టలేదు. నా పేపర్ అది అడగనే లేదు. 46 మార్కులు వేసింది నేను కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

అప్పటినుంచి ఆ ప్రశ్నను ఇలా ఇస్తున్నాను: "మే నెల, హన్మకొండ, మధ్యాహ్నం రెండు గంటలు. పెళ్లి వంటలో 20 లీటర్ల పప్పుచారు మిగిలింది. రాత్రి ఎనిమిదికి మళ్లీ వడ్డించాలి. ఏం చేస్తావు? వరుసగా చెప్పు." ఈ ప్రశ్నలో మన ఊరి ఎండ కూడా ఒక పాత్ర. బయట 42 డిగ్రీలున్నప్పుడు, "బయట పెడితే చల్లారుతుంది" అనే మాటకు అర్థం లేదు. ఎంతసేపు పెట్టినా అది సూక్ష్మజీవులకు ఇష్టమైన వేడి దగ్గరే ఆగిపోతుంది. నాకు కావలసిన జవాబు: వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న ట్రేలలోకి పలుచగా పోయాలి, లేదా గంజును ఐసు నీళ్ల తొట్టిలో నిలబెట్టి కలుపుతూ ఉండాలి, 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లోపు దించి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాలి, రాత్రి మళ్లీ వేడి చేసేటప్పుడు లోపలి భాగం 75 డిగ్రీలు దాటాలి. అంకెలన్నీ రాయకపోయినా "లోతు తక్కువ ట్రే" అని రాసినవాడికి నేను సగం మార్కులు వేస్తాను. అంకెలు రాసి గంజు అలాగే ఫ్రిజ్‌లో పెట్టేవాడికి సున్నా.

బగారా అన్నం మీద కూడా ఇలాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా ఉండాలి. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రి బాగా వేడి చేస్తే చాలనుకుంటారు పిల్లలు, పెద్దలు కూడా. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం బయట ఉన్న గంటల్లో అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఈ "మళ్లీ వేడి చేసినా పోదు" అన్న ముక్క తెలిసిందా లేదా అన్నదే పరీక్షించాలి. మనది అన్నం తినే ప్రాంతం. సాల్మొనెల్లా అనే బాక్టీరియా పేరు తెలిసి ఈ సంగతి తెలియని కుక్ మన దగ్గర ప్రమాదం.

రాత పరీక్ష గురించి. పేర్లు, నిర్వచనాలు పూర్తిగా మానేయమని చెప్పడం లేదు. బెషమెల్, వెలుటే, ఎస్పనోల్, టమోటా, హాలండేజ్ అని ఐదు మదర్ సాస్‌ల, అంటే మిగతా సాస్‌లకు మూలమైన వాటి, పేర్లు తెలియాలి. రేపు పెద్ద హోటల్‌లో చెఫ్ ఆ పేరుతోనే పిలుస్తాడు. కానీ దానికి ఒక్క మార్కు చాలు. బెషమెల్ అంటే పాలతో చేసే తెల్ల సాస్. దాని మీద నాలుగు మార్కుల ప్రశ్న ఇలా ఉండాలి: "నీ బెషమెల్ ఉండలు కట్టింది. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది? గెస్ట్ ఎదురుచూస్తున్నాడు, ఇప్పుడేం చేస్తావు?" పాలు ఒకేసారి పోసి ఉంటాడని, సరిగా కలపలేదని, ఇప్పుడు వడకట్టి మళ్లీ మరిగిస్తే పని గడుస్తుందని రాయగలగాలి. పారేసి మళ్లీ చేస్తానని రాసినవాడికి కూడా కొన్ని మార్కులు వేస్తాను, కానీ ఖర్చు సంగతి తర్వాత అడుగుతాను. అలాగే "పెరుగు వేసిన గ్రేవీ విరిగింది, ఎందుకు?" "గారెలు నూనె పీల్చుకున్నాయి, నూనెలో తప్పా, పిండిలో తప్పా? ఎలా తేల్చుకుంటావు?" ఇలాంటి ప్రశ్నలకు జవాబు గూగుల్‌లో వెతికినా, చేతికి అనుభవం లేనివాడి రాత తేలిపోతుంది.

మన చుట్టూ ఉన్న సరుకును ప్రశ్నల్లోకి తెండి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటి చెప్తాను. బల్ల మీద రెండు గిన్నెల్లో తేజ మిర్చి, మన వరంగల్ చపాట మిర్చి పెడతాను. "కాశ్మీరీ మిర్చి దొరకలేదు. రోగన్ జోష్ చేయాలి. ఈ రెండింట్లో ఏది తీసుకుంటావు, ఎందుకు?" కాశ్మీరీ మిర్చిలాగే చపాటకు ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌కు నాన్నతో మిర్చి బస్తాలు తెచ్చిన పిల్లలు మన క్లాసుల్లో ఉంటారు. పుస్తకం ముందు తలదించుకుని కూర్చునే పిల్లవాడు ఈ ప్రశ్న దగ్గర నిటారుగా కూర్చుంటాడు. తనకు తెలిసినది కూడా చదువేనని వాడికి అక్కడ తెలుస్తుంది.

వార్తల్లోంచి కూడా ప్రశ్నలు తీయొచ్చు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. "ఎందుకు నిషేధించారు? నీ రెస్టారెంట్ మెనూలో మయోనైజ్ వేసే ఐటమ్‌లు నాలుగున్నాయి. రేపటి నుంచి ఏం వడ్డిస్తావు?" అని ఇచ్చాను. దీనికి సైన్సూ రావాలి, వంటా రావాలి, వ్యాపారమూ రావాలి. పిల్లల జవాబుల్లో నేను ఊహించనివి కూడా వచ్చాయి. ఒకమ్మాయి గట్టి పెరుగు వడగట్టి ఎల్లిగడ్డ కలిపి వడ్డిస్తానని, ఆ మార్పు సంగతి మెనూ కార్డు మీద కూడా రాయిస్తానని రాసింది.

భాష. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది మంచి పిల్లల్ని మనం ఇక్కడే పోగొట్టుకుంటున్నాం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం. ఇంగ్లిష్ పేపర్ ఇస్తే మనం కొలిచేది వాళ్ల ఇంగ్లిష్‌నే. ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లినప్పుడు "బ్రేజింగ్ అంటే ఏమిటి" అన్న ప్రశ్న దగ్గర ఒకమ్మాయి పేపర్ ఖాళీగా వదిలేసింది. వైవాలో నేను తెలుగులో, "ముదురు మాంసం మెత్తబడాలంటే మీ ఇంట్లో ఎట్ల వండుతరు?" అని అడిగాను. "ముందు ఉల్లిగడ్డలతో బాగా గోలిచ్చి, రంగు వచ్చినంక కొన్ని నీళ్లు పోసి, మూత పెట్టి సన్న మంట మీద చాలాసేపు ఉంచుతం సార్" అంది. బ్రేజింగ్‌కు ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పేపర్‌లోనూ చదవలేదు. ఆ అమ్మాయికి లేనిది ఆ పేరు ఒక్కటే. పేరు నేర్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ వంట నేర్పడానికి రెండేళ్లు పడుతుంది.

కాబట్టి ప్రశ్నలు రెండు భాషల్లో ఇవ్వండి. జవాబు తెలుగులోనో, కలిపో రాయనివ్వండి. పారిభాషిక పదాలకు మాత్రం విడిగా ఐదు మార్కుల జతపరిచే ప్రశ్న ఒకటి పెట్టండి. ఆ పదాలు ఉద్యోగానికి అవసరమే, కాబట్టి వదలొద్దు. వాటిని విడిగా కొలవాలి, అంతే. బోర్డు పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటే, మీ ఇంటర్నల్స్ అయినా ఇలా పెట్టండి.

ఇక ప్రాక్టికల్. మొదట్లో నేను ప్లేటు చూసి, రుచి చూసి మార్కులు వేసేవాణ్ని. ఒకసారి ఇరవై నాలుగు ప్లేట్లు వరుసగా రుచి చూశాను. అన్నీ ఒకే వంట, చికెన్ కర్రీ. చివరి ఎనిమిది మందికి మార్కులు బాగా తగ్గాయి. అందులో ఒకడు క్లాసులో అందరికంటే బాగా వండేవాడు. అనుమానమొచ్చి మిగిలిన కూరల్ని సాయంత్రం ఇంకో ఫ్యాకల్టీతో నంబర్లు మార్చి రుచి చూపించాను. వరుస మొత్తం మారిపోయింది. కారం, నూనె తిని తిని నా నాలుక మొద్దుబారింది, ఆ నష్టం పిల్లలు భరించారు. ఆ బ్యాచ్ మార్కులు మళ్లీ వేయించాను. మీకు నా సలహా: ఒక విడతలో పది ప్లేట్లకు మించి రుచి చూడొద్దు. మధ్యమధ్యలో నీళ్లు, కొంచెం అన్నమో మజ్జిగో తీసుకోండి. ప్లేటు మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. కుదిరితే ఇద్దరు రుచి చూసి, మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులు వేయాలి.

50 మార్కులను నేను ఇప్పుడు ఇలా పంచుతున్నాను: శుభ్రత, సేఫ్టీ 10, మీజాన్‌ప్లాస్, అంటే పొయ్యి వెలిగించే ముందు అన్నీ సిద్ధం చేసుకోవడం 8, పద్ధతి, మంట, టైమింగ్ 12, రుచి 10, ప్లేటింగ్ 5, పని ముగిశాక స్టేషన్ కడిగి అప్పగించడం 5. మొదటి మూడింటికి మీరు పొయ్యిల మధ్య తిరుగుతూ అప్పటికప్పుడు టిక్ పెట్టాలి. తర్వాత గుర్తు చేసుకుని వేసే మార్కులు నమ్మదగ్గవి కావు. "శుభ్రత: బాగుంది" లాంటి గడులు పెట్టుకోకండి. "పచ్చి మాంసం ముట్టాక చేతులు కడిగాడా?" "రుచి చూసిన చెంచా మళ్లీ గంజులో పెట్టాడా?" "ఆప్రాన్‌కు చేతులు తుడుచుకున్నాడా?" ఇలా అవును, కాదు అని తేలే ప్రశ్నలు పెట్టుకుంటే, ఇద్దరు ఎగ్జామినర్లు చూసినా ఒకే మార్కు వస్తుంది. పిల్లవాడు వచ్చి ఎందుకు తగ్గిందని అడిగినా చూపించడానికి కాగితం ఉంటుంది.

మూడు తప్పులకు మాత్రం మార్కుల కోత చాలదు, ఆ రోజుకు ఫెయిలే. పచ్చి చికెన్ కోసిన బోర్డు, కత్తి కడగకుండా సలాడ్‌కు వాడటం. లోపల పచ్చిగా ఉన్న చికెన్ ప్లేటులో పెట్టడం. గ్యాస్ వదిలేసి పొయ్యి దగ్గర నుంచి వెళ్లిపోవడం. ఈ నియమం పరీక్షకు నెల ముందే గోడ మీద అంటించండి. కూర ఎంత రుచిగా ఉన్నా సరే, ఇది సడలించొద్దు. తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు, మేనేజ్‌మెంట్ కూడా అడగొచ్చు. ఆ పిల్లవాడు రేపు వందల మందికి వండుతాడని మెల్లగా చెప్పండి.

ఇప్పుడు మీ పది పొయ్యిల సమస్య. దీనికి దారి నాకు వైద్య విద్యలో దొరికింది. మా బంధువు ఒకరు మెడికల్ కాలేజీలో పనిచేస్తారు. వాళ్ల దగ్గర విద్యార్థి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతూ, గంట కొట్టినప్పుడల్లా ఒక్కో చిన్న పని చేసి చూపించే పరీక్ష ఉంటుంది. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు దీన్ని పరిచయం చేశారు. మా బంధువు నోట విన్న రోజే నాకనిపించింది, మన పిల్లలకూ ఇదే కావాలని. ఎనిమిది బల్లలు, ఒక్కో దగ్గర ఆరు నిమిషాలు. ఎనిమిది మంది ఒక విడత. అటూ ఇటూ కదిలే సమయంతో విడతకు గంట. నలభై మందికి ఐదు విడతలు, అంటే ఒక్క రోజులో అయిపోతుంది, ఒక్క పొయ్యి కూడా అక్కర్లేదు. అసలు వంట పరీక్షను పొయ్యికి ఒకరి చొప్పున పది మందిగా నాలుగు పూటల్లో, ఇంకో రెండు రోజులు పెట్టుకోవచ్చు.

నా బల్లల మీద ఏముంటాయో చెప్తాను, మీకు కావలసినట్టు మార్చుకోండి. ఒకటి సరుకు దించుకునే బల్ల: మొప్పలు రంగు మారిన చేప, గడువు దాటిన పాల ప్యాకెట్, సొట్టపోయిన డబ్బా, పగిలిన గుడ్లు, వీటి మధ్య మంచి సరుకూ ఉంటుంది. ఏది వెనక్కి పంపుతావు, బిల్లు మీద ఏం రాస్తావు అని అడుగుతాను. రెండోది కత్తి బల్ల: ఒక క్యారెట్ ఇచ్చి జూలియెన్, అంటే అగ్గిపుల్లల్లా సన్నటి పొడవాటి ముక్కలు, కోయమంటాను. కంటితో మార్కులు వేయను, స్కేలు పెట్టి ఐదు ముక్కలు కొలుస్తాను. కోసే తీరు, వేళ్లు మడుచుకున్నాడా లేదా అన్నదీ చూస్తాను. మూడోది వాసన బల్ల. జీలకర్ర, షాజీరా, జాజికాయ, జాపత్రి, మరాఠీ మొగ్గ, రాతిపువ్వు. కళ్లకు గంతలు కట్టను, కానీ పొడి చేసి ఇస్తాను. నాలుగో దగ్గర థర్మామీటర్, ఐసు నీళ్ల గ్లాసు. "ఇది సరిగా చూపిస్తోందా?" అన్నదే ప్రశ్న. ఐసు నీళ్లలో సున్నా చూపించాలని తెలిసినవాళ్లు మొదటి ఏడాది ఎంత తక్కువమందో చూసి ఆశ్చర్యపోయాను. తప్పు నాదే, థర్మామీటర్ వాడటం చూపించాను కానీ సరిచూడటం నేర్పలేదు. పరీక్ష ఇలా మనకు కూడా మార్కులు వేస్తుంది.

ఐదో బల్ల ఆర్డర్ తీసుకోవడం. ఒక సీనియర్ విద్యార్థి గెస్ట్‌గా కూర్చుని వేగంగా, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలిపి ఆర్డర్ చెప్తాడు. మధ్యలో, "మా బాబుకు పల్లీలు పడవు" అని ఒక మాట వేస్తాడు. కేఓటీ, అంటే కిచెన్‌కు పంపే ఆర్డర్ చీటీ మీద టేబుల్ నంబర్, ఎంతమంది, ఆ పల్లీల సంగతి ఉన్నాయా చూస్తాను. ఆ తర్వాత ఒక్క ప్రశ్న: "సర్వపిండి పెట్టొచ్చా?" పెట్టకూడదు, అందులో పల్లీలుంటాయి. సకినాలకైతే నువ్వుల సంగతి చెప్పాలి. మన పిండివంటలే స్టీవర్డ్‌కు తెలియకపోతే ఆ బాబుకు ఆసుపత్రే గతి. ఆరోది బిల్లు: మామూలు రెస్టారెంట్ బిల్లు మీద 5 శాతం జీఎస్టీ, అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. గెస్ట్, "సర్వీస్ చార్జ్ తప్పకుండా కట్టాలా?" అని అడుగుతాడు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బలవంతంగా వేయకూడదని మర్యాదగా చెప్పగలగాలి. ఏడు, ఎనిమిది బల్లలు టేబుల్ సెటప్, స్టోర్ ఇండెంట్ (స్టోర్ నుంచి సరుకు కావాలని రాసే చీటీ). వాటి గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు.

ఒక జాగ్రత్త. మొదటి విడత పిల్లలు బయటికెళ్లి రెండో విడతకు చెప్పేస్తారు. అందుకని విడతకోసారి పొడులు, పాడైన సరుకు, గెస్ట్ మాట మార్చండి. పరీక్ష అయినవాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టి భోజనం పెట్టండి.

రెస్టారెంట్ నిర్వహణ 20 మార్కులు. ఇక్కడ ఫార్ములా అడిగితే అందరూ రాస్తారు. లెక్క ఇస్తే తడబడతారు. నా ఇష్టమైన లెక్క నాటుకోడి మీద. ధరలు ఆ రోజు మార్కెట్‌ను బట్టి మార్చుకోండి. రెండు కిలోల కోడి, కిలో రూ.400 చొప్పున రూ.800. కోసి, శుభ్రం చేశాక 1.3 కిలోలు వచ్చింది. ప్లేటుకు 200 గ్రాముల మాంసం. మాంసం ఖర్చు ఎంత? సగం మంది రూ.80 అంటారు. కొన్న ధరతో వేస్తున్నారు వాళ్లు. నిజానికి శుభ్రం చేసిన మాంసం కిలో దాదాపు రూ.615 పడింది, ప్లేటుకు రూ.123. మసాలా, నూనె, ఉల్లిగడ్డ అన్నీ కలిపి ఇంకో రూ.37. మొత్తం రూ.160. ఫుడ్ కాస్ట్, అంటే అమ్మకం ధరలో సరుకు ఖర్చు వాటా, 32 శాతం ఉండాలంటే అమ్మకం ధర రూ.500.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. "సుబేదారిలో నీ రెస్టారెంట్. పక్క హోటల్ రూ.380కే ఇస్తోంది. ఏం చేస్తావు?" ఒకే సరైన జవాబు లేదు. పోర్షన్ తగ్గిస్తానంటాడు ఒకడు. బగారా అన్నంతో కలిపి కాంబోగా పెడితే అన్నం మీద మార్జిన్ కలిసొస్తుందంటుంది ఒకమ్మాయి. అంకాపూర్ పద్ధతిలో మొత్తం కోడిని ఆర్డర్ మీద వండి ఇస్తానన్నాడు ఇంకొకడు. మిగిలిపోయే బెంగ ఉండదని కారణం కూడా చెప్పాడు. వాడికి పూర్తి మార్కులు వేశాను. నేను చూసేది నిర్ణయాన్ని అంకెతో ముడిపెట్టాడా లేదా అన్నదే. "క్వాలిటీ బాగుంటే కస్టమర్లు వస్తారు" అని రాసినవాడికి మార్కులు లేవు.

నెలాఖరు లెక్క కూడా ఒకటి ఇవ్వండి. మొదటి రోజు స్టాక్ రూ.60,000, కొనుగోళ్లు రూ.2,10,000, చివరి రోజు స్టాక్ రూ.50,000, స్టాఫ్ భోజనాలు రూ.12,000, అమ్మకాలు రూ.6,40,000. ఫుడ్ కాస్ట్ 32.5 శాతం రావాలి. స్టాఫ్ భోజనం తీసేయడం మర్చిపోతే 34 పైచిలుకు వస్తుంది, అంటే లెక్క తప్పిందో, ఏది మర్చిపోయాడో జవాబు చూడగానే మీకు తెలుస్తుంది. ఇలా తప్పు కూడా ఏదో ఒకటి చెప్పేలా అంకెలు ఎంచుకోండి. రెండో ఏడాది పిల్లలకైతే కాసవానా, స్మిత్ 1982లో ఇచ్చిన మెనూ ఇంజినీరింగ్ పద్ధతితో (ఏ ఐటమ్ ఎంత అమ్ముడవుతోంది, దాని మీద ఎంత మిగులుతోంది అని చూసే పద్ధతి) పది ఐటమ్‌ల అమ్మకాల పట్టిక ఇచ్చి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని అడగొచ్చు. మొదటి ఏడాదికి అది తొందర.

పేపర్‌కు కూడా పరీక్ష పెట్టండి. ఇది చాలామంది చేయరు. నలభై మంది పేపర్లు దిద్దాక మొత్తం మార్కుల్లో పైన ఉన్న పదకొండు మందిని, కింద ఉన్న పదకొండు మందిని తీసుకోండి. ప్రతి ఆబ్జెక్టివ్ ప్రశ్నకూ పైవాళ్లు ఎంతమంది, కిందివాళ్లు ఎంతమంది సరిగా రాశారో లెక్కపెట్టండి. అందరూ సరిగా రాస్తే ఆ ప్రశ్న వల్ల తెలిసిందేమీ లేదు. కిందివాళ్లే ఎక్కువ సరిగా రాస్తే ప్రశ్నలో ఏదో లోపం ఉంది. నాకు అలా ఒకసారి దొరికింది. "గెస్ట్‌కు ఏ వైపు నుంచి వడ్డించాలి?" అని ఇచ్చి, ఎడమ అని కీ రాసుకున్నాను. తెలివైన పిల్లల్లో చాలామంది కుడి అని రాశారు. పిలిచి అడిగితే, "కిచెన్‌లోనే ప్లేటింగ్ చేసిన భోజనమైతే కుడి నుంచి కదా సార్, పళ్లెంలోంచి వడ్డించేదైతేనే ఎడమ" అన్నారు. వాళ్లది సరైన మాటే. ప్రశ్నలో ఏ రకం సర్వీసో నేను చెప్పలేదు. ఆ మార్కు అందరికీ కలిపాను, ప్రశ్న మార్చాను. పచ్చి మాంసానికి, కూరగాయలకు వేర్వేరు రంగుల చాపింగ్ బోర్డులు వాడతాం కదా, ఆ రంగుల మీద ప్రశ్నలు కూడా ఇలాంటివే. కొన్ని రంగుల అర్థం హోటల్‌ను బట్టి మారుతుంది. మీ ల్యాబ్‌లో గోడ మీద అంటించిన పట్టిక ప్రకారం అని ప్రశ్నలోనే రాయండి.

ఇంటర్న్‌షిప్ మార్కుల సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలనిపించింది. పెళ్లిళ్ల సీజన్‌లో, మేడారం జాతర రోజుల్లో ఇక్కడి హోటళ్లు, క్యాటరర్లు మన పిల్లల్ని పనికి పిలుస్తారు. ఆ రోజుల్లో పరీక్షలు పెట్టొద్దు, పనికి పంపండి. అయితే అక్కడి సూపర్‌వైజర్‌ను పదికి ఎన్ని మార్కులు వేస్తావని అడిగితే అందరికీ తొమ్మిదే వేసి సంతకం పెడతాడు. నేను ఫోన్ చేసి రెండే అడుగుతాను. ఈ పిల్లవాణ్ని మళ్లీ పిలుస్తారా? పిలిస్తే ఏ పని అప్పగిస్తారు? "పిలుస్త సార్, కానీ కటింగ్‌కే" అన్నాడంటే ఆ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో నాకు తెలిసిపోతుంది.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టాలని టెన్షన్ పడకండి. ఈ సెమిస్టర్‌కు నాలుగు బల్లలు చాలు: సరుకు, కత్తి, థర్మామీటర్, కేఓటీ. ప్రిన్సిపల్‌ను రెండు వస్తువులు అడగండి, గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్లు ఒక నాలుగు, గ్రాములు చూపించే తూకం ఒకటి. పరీక్ష అయిన వారంలోపు ప్రతి పిల్లవాడికీ వాడి టిక్ కాగితం చేతికిచ్చి పది నిమిషాలు మాట్లాడండి. మూడు వారాల తర్వాత, తప్పిన బల్ల దగ్గరే మళ్లీ నిలబెట్టండి, రెండిట్లో ఎక్కువ వచ్చిన మార్కే ఉంచండి. గ్రేవీ గంజును ఫ్రిజ్‌లో పెట్టిన ఆ పిల్లవాడికి అప్పట్లో నేను ఆ రెండో అవకాశం ఇవ్వలేదు. మీ కత్తి బల్లకు, కేఓటీ బల్లకు టిక్ పట్టికలు తయారు చేసుకుని ఇక్కడ పెడితే, చూసి ఎక్కడ మార్చాలో చెప్తాను.